కలం కడిగే చేతులు

మా ఇంటికి రంగులు వేయించిన రోజు నేనొక కుంచెను పారేశాను.

పారేసేటప్పుడు అది కుంచె అని కూడా నాకు తోచలేదు. పాత వంటింటి చూరుకి దారంతో వేలాడదీసిన ఈతమట్ట ముక్క. ఒక కొస చితగ్గొట్టి పీచు తేల్చి ఉంది. పెయింటర్లు నిచ్చెనలు, డబ్బాలు, రోలర్లు పట్టుకొచ్చి గోడల చుట్టూ ఖాళీ చెయ్యమన్నారు. అరిగిపోయిన చేట, తెగిన ఉట్టి, మూతలేని సత్తు డబ్బా, వాటితోపాటు ఆ మట్ట ముక్క అన్నీ ఎత్తి చెత్తబండిలో వేశాను. సాయంత్రం అమ్మ చూరు వంక చూసి, "నా కుంచె ఏదే?" అంది. చెప్పాను. అమ్మ తిట్టలేదు. కాసేపాగి, "నాలుగు సంక్రాంతులు చూసింది. ఇప్పుడిప్పుడే చేతికి మెత్తబడింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుంచె పోయిందని కాదు. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషిని. తెలుగు స్త్రీల రచనల మీద దాదాపు మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాశాను. అందులో "స్త్రీ కలం పట్టడం" అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. కలం ఆయుధం, కలం గొంతు, కలం స్వేచ్ఛ అని రాశాను. కానీ మా ఇంటి గోడను ముప్ఫై ఏళ్ళపాటు తెల్లగా ఉంచిన పనిముట్టు నా చేతిలో ఉంటే అది నాకు చెత్తలా కనిపించింది. నా చదువులో ఎక్కడో ఒక పెద్ద ఖాళీ ఉందని ఆ రాత్రి అర్థమైంది. ఆ ఖాళీ నా ఒక్కదానిదే కాదేమో అన్న అనుమానంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

నిజమైన కలం

మనం కలం అన్నప్పుడల్లా మనసులో మెదిలేది సిరా కలం. కానీ మన నేల మీద కలం పేరుతోనే బతుకుతున్న ఇంకొక కళ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ. కలంతో చేసే పని కాబట్టి ఆ పర్షియన్ పేరు వచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని "వ్రాతపని" అని కూడా అంటారు. బొమ్మ వెయ్యడాన్ని రాయడం అనే వాళ్ళు వీళ్ళు. సాహిత్య విద్యార్థులమైన మనకి ఇంతకంటే దగ్గర చుట్టం ఏముంటుంది? అయినా నేను శ్రీకాళహస్తి వెళ్ళింది పీహెచ్‌డీ అయిపోయిన చాలా ఏళ్ళకి, అమ్మ కుంచె పారేశాకే.

అక్కడ ఒక పాకలో యాభై దాటిన ఒక అక్క దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. ముందు నేను చూసినదేమిటో చెబుతాను.

కలం అంటే సన్నటి వెదురుపుల్ల. దాని మొన చెక్కుతారు. మొనకు కాస్త పైన ఉన్నిగానీ, పాత గుడ్డపేలికగానీ ఉండలా చుట్టి నూలుదారంతో బిగించి కడతారు. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్ళతో ఉండని నొక్కితే రంగు మొన మీదుగా దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందన్నది చేతికే తెలియాలి. గీతలకి మొన సన్నగా ఉన్న కలం, రంగు నింపడానికి మొన మొద్దుగా ఉన్నది.

నల్లరంగుకి తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. గుడ్డని ముందే కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. గేదెపాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డలో పాకిపోదు. కరక్కాయలోని వగరుకి కసింలోని ఇనుము తగిలి గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు పూసి, తర్వాత ఎర్రరంగునిచ్చే వేర్లు, బెరడు వేసిన నీళ్ళలో గుడ్డనంతా ఉడికిస్తారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. ఒక్కొక్క దశ తర్వాతా గుడ్డ ఉతకాలి, ఎండెయ్యాలి.

ఆ అక్క దగ్గర రెండు కొబ్బరిచిప్పలున్నాయి. ఒకదానిలో నల్ల కలాలు, ఇంకోదానిలో పటిక కలాలు. వాటిని ఒకచోట పెట్టదు. "నల్ల కలం పొరపాట్న పటికలో ముంచితే ఎరుపు చచ్చిపోతాది పాపా" అంది. ఆ మాట వెనక రసాయన శాస్త్రం ఉంది. పటికలోకి ఇనుము చేరితే ఎరుపు మసకబారి గోధుమరంగులోకి దిగుతుంది. ఆమె అది పుస్తకంలో చదవలేదు. ముప్ఫై ఏళ్ళుగా కలాలు కడుగుతూ నేర్చుకుంది.

పొద్దువాలాక అందరూ లేచి వెళ్ళిపోయారు. ఆమె మిగిలింది. ఒక్కొక్క కలాన్నీ రంగు పోయేదాకా నీళ్ళలో పిండింది. దారం వదులైన వాటిని విప్పి, పేలిక ఉతికి ఆరేసింది. మొన అరిగిన రెంటిని పక్కన పెట్టింది, పొద్దున్నే చెక్కడానికి. "మీరు గీతలు గియ్యరా అక్కా?" అని అడిగాను. "మా ఆయన గీస్తాడు. నేను రంగు నింపుతా. కలాలు చుట్టేది నేనే" అంది. ఆగి, నవ్వి, "నల్లగీత పడినాక తుడిచేది లేదు గదా. కలం బాగుండాల. కలం బాగుంటే ఆయన చెయ్యి బాగున్నెట్టు" అంది.

ఆ చివరి మాటను నేను నోటుపుస్తకంలో రెండుసార్లు రాసుకున్నాను.

క్రియాపదం దాచిపెట్టేది

తిరిగొచ్చాక కలంకారీ మీద, చేర్యాల నకాషీ బొమ్మల మీద, నిర్మల్ బొమ్మల మీద తెలుగులో దొరికిన పుస్తకాలు, ప్రదర్శనల కరపత్రాలు, పత్రికా వ్యాసాలు ముందేసుకున్నాను. అవన్నీ ప్రేమతో రాసినవే. ఆ శ్రద్ధే లేకపోతే ఈ కళల గురించి మనకీమాత్రం కూడా తెలిసేది కాదు. 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించడం వెనక కమలాదేవి చట్టోపాధ్యాయ వంటి స్త్రీ పట్టుదల ఉందన్న సంగతీ వాటివల్లే తెలిసింది. కలంకారీకి జీవితాన్నిచ్చి, దాని గురించి తెలుగులో పుస్తకాలు కూడా రాసి, 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి వంటి వాళ్ళ కృషి చిన్నది కాదు.

అయినా ఒక సాహిత్య విమర్శకురాలిగా నా కన్ను వాక్యం మీద పడుతుంది. ఆ రచనల్లో వాక్యాల తీరు ఎక్కువగా ఇలా ఉంటుంది. కళాకారుడు కలాన్ని రంగులో ముంచి గీత గీస్తాడు. తర్వాత గుడ్డను ఉతుకుతారు. ఎండలో ఆరబెడతారు. మళ్ళీ ఉడికిస్తారు. గమనించారా? గీసేవాడు ఏకవచనం, పురుషుడు. ఉతికేది, ఆరబెట్టేది, ఉడికించేది మాత్రం బహువచనం. ఎవరో ఒకరు. ఆ "రు" వెనక ఉన్నది ఆడో మగో మనకి తెలియదు. పరిశోధకులు నిజాన్ని దాచాలని అలా రాయలేదు. తెలుగు క్రియాపదం ఆ వీలునిచ్చింది, రాసేవాళ్ళు ఆలోచించకుండా వాడుకున్నారు.

మన భాషలో ఇంకో తమాషా ఉంది. చిన్నప్పుడు బాలవ్యాకరణంలో మహత్తులు, అమహత్తులు చదువుకున్నాం. "అతను గీస్తాడు" అంటాం. "ఆమె గీస్తుంది" అంటాం. "కలం గీస్తుంది" అన్నా అదే క్రియ. ఏకవచనంలో ఆడమనిషికీ, ఆమె చేతిలోని పనిముట్టుకీ మన వ్యాకరణం ఇచ్చిన ముగింపు ఒకటే. బహువచనంలోకి వచ్చాకే ఆడవాళ్ళకి మనుషుల ముగింపు దొరుకుతుంది. తీరా అది దొరికినచోట ఆమె ఆమెగా కనిపించకుండా పోతుంది. ఒంటరిగా ఉంటే వస్తువుల పక్కన, గుంపులో ఉంటే ఎవరికీ కనబడకుండా. దీనికి వ్యాకరణాన్ని తిట్టి లాభం లేదు. కానీ చేతిపనుల గురించి రాసేటప్పుడు ఆ "రు" దగ్గర ఒకసారి ఆగి, ఎవరు అని అడగడం మన బాధ్యత. అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు ఆ పాకలోని అక్కే.

ఈ రచనల్లో మరొక మాట తరచుగా కనిపిస్తుంది, "వంశపారంపర్యం". తండ్రి నుంచి కొడుకుకి విద్య వచ్చిందని రాస్తారు. గీత అలా వచ్చి ఉండొచ్చు. మరి కలం చుట్టడం ఎవరినుంచి ఎవరికి వచ్చింది? కసిం ఎప్పటికి పులుస్తుందో వాసన చూసి చెప్పే తెలివి ఎవరి ముక్కునుంచి ఎవరి ముక్కుకి వచ్చింది? ఆ అక్కకి నేర్పింది ఆమె అత్తగారట. అత్త నుంచి కోడలికి వచ్చిన దాన్ని వంశపారంపర్యం అనడానికి మన దగ్గర మాట లేదు. ఎందుకంటే వంశం అన్న మాటలోనే కోడలు లేదు.

ఇవాళ శ్రీకాళహస్తిలో స్త్రీలు రంగులు నింపే పనిలోనే కాదు, గీతలు గీసే పనిలో కూడా ఉన్నారు. అది ఎంతో సంతోషించాల్సిన మార్పు. కానీ గీత దగ్గరికి స్త్రీ వచ్చాక కడిగే పని మగవాడి దగ్గరికి వెళ్ళిందా? నేను ఉన్న రెండు రోజుల్లో మాత్రం వెళ్ళడం చూడలేదు. ఆఫీసుకి వెళ్ళే స్త్రీ ఇంటికొచ్చి గిన్నెలు తోమినట్టే, గీతలు గీసిన అమ్మాయి కూడా కలాలు కడిగింది.

పటిక పూసిన గుడ్డ నాకు పదే పదే గుర్తుకొస్తోంది. పటిక నీళ్ళకి రంగు లేదు. పూశాక చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. గుడ్డ ఉడికాక ఎరుపు మెరుస్తుంది. చూసేవాళ్ళు ఎరుపుని మెచ్చుకుంటారు. ఆ ఎరుపు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించిన చెయ్యి ఎవరికీ గుర్తుండదు.

సున్నం కుంచె

ఇప్పుడు మా ఇంటికొస్తాను. మాది నెల్లూరు పక్క పల్లె. సంక్రాంతి ముందు సున్నం కొట్టడం ప్రతి ఇంట్లో ఉండేది. సున్నపురాళ్ళు కుండలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగేది. పిల్లలని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు, కళ్ళలో పడితే చూపు పోతుందని. ఒక రాత్రి నాననిచ్చి, పొద్దున పాత చీరలో వడకట్టేవాళ్ళు. అందులో కాస్త గంజి, చిటికెడు నీలిమందు. గంజి పట్టు కోసం, నీలి తెలుపు కోసం.

కుంచె అమ్మే చేసుకునేది. ఈతమట్ట పచ్చిదాన్ని జానెడు కోసి, నీళ్ళలో నానబెట్టి, బండమీద పెట్టి కొస చితగ్గొట్టేది. వేపపుల్ల నమిలితే పీచు ఎలా తేలుతుందో అలా తేలాలి. గట్టిగా కొడితే పీచు తెగిపోతుంది, మెల్లగా కొడితే విడదు. కొత్త కుంచె గోడమీద చారలు పెడుతుంది. ఒకటి రెండు పండగలు వాడాక మెత్తబడుతుంది. అప్పుడది గడప పక్కన జాజు గీతకి కూడా పనికొస్తుంది.

దాన్ని కాపాడుకోవడం ఇంకో పని. సున్నం పని అయిన వెంటనే కడగాలి. ఆరనిస్తే గాలి తగిలి సున్నం మళ్ళీ రాయవుతుంది, పీచులో రాళ్ళు కట్టుకుపోతాయి. నీళ్ళు తెల్లబడటం మానేదాకా జాడించి, విదిలించి, పీచుని వేళ్ళతో దువ్వి, పీచు కిందకి ఉండేట్టు చూరుకి వేలాడదీయాలి. నేల మీద నిలబెడితే పీచు వంగి ఆ వంపు అలాగే ఉండిపోతుంది. పురుగు పట్టకుండా పొగ తగిలేచోట, అంటే పొయ్యికి దగ్గర్లో. ఇంత చేశాక అమ్మ చేతులకి కొబ్బరినూనె రాసుకునేది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉండేది. ఆ చేతులతోనే పండగ పిండివంటలు.

ఇక్కడిదాకా రాసి ఆగిపోతే ఇదొక మంచి జ్ఞాపకం అయ్యేది. అమ్మ చేతులు, అమ్మ కుంచె, అమ్మ తెలుపు. మన పత్రికల్లో ఇలాంటి వ్యాసాలు మనం చాలా రాసుకున్నాం, కన్నీళ్ళు పెట్టుకున్నాం. కానీ మా ఇంట్లో కుంచె ఒకటి కాదు, రెండు.

రెండో కుంచె దళితవాడ నుంచి వచ్చే ఆమెది. ఇంటి లోపలి గోడలు, ముందు వసారా అమ్మ కొట్టేది. దొడ్డిగోడ, గొడ్లపాక, బయటి ప్రహరీ ఆమె కొట్టేది. ఆమె కుంచె లోపలికి రాకూడదు. పని అయ్యాక ఆమె కూడా దాన్ని అంతే శ్రద్ధగా కడిగేది, నేను చూశాను. కడిగి ప్రహరీగోడ మీద పెట్టి వెళ్ళేది. ఎండకి, వానకి, మంచుకి అక్కడే ఉండేది. వచ్చే సంక్రాంతికి అది పుచ్చిపోయేది. ప్రతి ఏడూ ఆమె కొత్త కుంచె చేసుకునేది. ఎప్పుడూ కొత్త కుంచెతోనే, చారలు పడే కుంచెతోనే కొట్టేది. దొడ్డిగోడ చూసి, "ఆమె చేతిలో నేర్పు లేదు" అని మా నాయనమ్మ అనడం నాకు గుర్తుంది.

నేర్పు లేకపోవడం కాదు, చూరు లేకపోవడం. అమ్మ కుంచె నాలుగు సంక్రాంతులు బతికిందంటే అమ్మ శ్రద్ధ ఒక్కటే కారణం కాదు, దాన్ని వేలాడదీయడానికి అమ్మకొక చూరు ఉంది. స్త్రీ రాయాలంటే ఆమెకొక గది కావాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లోనే వాదించింది. నా సిద్ధాంత గ్రంథంలో ఆ వాదన ఉంది. పనిముట్టుకి ఒక చూరు కావాలని, ఆ చూరు ఎవరికి ఉంటుందో ఎవరికి ఉండదో కులం నిర్ణయిస్తుందని మాత్రం అందులో లేదు. పనిముట్లను భద్రం చేసుకోవడం మంచి అలవాటు అని మనం చెప్పే ప్రతిసారీ, భద్రం చేసుకునే చోటు ఎవరికుందన్న ప్రశ్న కూడా వెయ్యాలి.

కవ్వం, గిన్నెలు, గోడ

మన స్త్రీవాద సాహిత్యం పనిముట్లని చూడలేదా అంటే, చూసింది. విమల "వంటిల్లు" కవిత, 1993లో వచ్చిన "నీలిమేఘాలు" చదివిన వాళ్ళెవరూ మరిచిపోరు. తల్లి జీవితమంతా గడిచిన వంటింట్లో గిన్నెల మీద తండ్రి పేరు ఉండటాన్ని ఆ కవిత పట్టుకుంది. వాడేది ఒకరు, పేరు ఒకరిది. పనిముట్టు మీద పేరుని చదవడం మనకి నేర్పింది ఆ కవితే. కానీ నా మటుకు నేను దాన్ని వంటింటి దగ్గరే ఆపేశాను. గిన్నె మీద పేరుని చదివినదాన్ని, శ్రీకాళహస్తి బొమ్మ అడుగున ఉన్న సంతకాన్ని చదవలేకపోయాను. వంటింట్లో స్త్రీ శ్రమ దోపిడీ అని చెప్పగలిగాను కానీ, కళ అన్న మాట వినగానే నా విమర్శ చేతులు కట్టుకుని నిలబడింది.

ఆలిస్ వాకర్ 1973లో రాసిన "ఎవ్రీడే యూజ్" అనే కథ ఇక్కడ ప్రస్తావించాలి. పల్లెలో ఉండే నల్లజాతి తల్లి, ఇద్దరు కూతుళ్ళు. చదువుకుని పట్నం వెళ్ళిన పెద్దకూతురు డీ ఇంటికొచ్చి మజ్జిగ కవ్వాన్ని తనకిమ్మంటుంది, ఇంట్లో అలంకరణకి పెట్టుకుంటానని. తరాల చేతులు పట్టుకుని ఆ కవ్వం కర్రలో వేళ్ళ గుంటలు పడి ఉంటాయి, తల్లి వాటిని చూస్తుంది. ఆ కవ్వం చెక్కింది ఎవరో చెప్పగలిగింది మాత్రం చదువులేని చిన్నకూతురు మేగీ. చివరికి పాత బొంతల దగ్గర గొడవొస్తుంది. డీ వాటిని గోడకి తగిలిస్తానంటుంది, మేగీ అయితే కప్పుకుని చింపేస్తుందని ఎద్దేవా చేస్తుంది. తల్లి బొంతల్ని మేగీకే ఇస్తుంది. చిరిగితే మళ్ళీ కుట్టడం మేగీకి వచ్చు కనుక.

ఈ కథని క్లాసులో పాఠం చెప్పేటప్పుడల్లా నేను మేగీ పక్షం నిలబడేదాన్ని. ఇప్పుడు చూస్తే నేను డీ కంటే ఒక మెట్టు కిందే ఉన్నాను. డీ కనీసం కవ్వాన్ని దాచుకోవాలనుకుంది, నేను కుంచెని పారేశాను. ఈ వ్యాసం రాస్తూ మళ్ళీ దాన్ని గోడకి తగిలిస్తున్నానేమోనన్న భయం కూడా ఉంది.

ఆ భయానికి కారణం ఉంది. గోడకి తగిలించినంత మాత్రాన ఏదీ భద్రం కాదు. మిథిలలో ఆడవాళ్ళు వెదురుపుల్లకి దూది చుట్టి ఇంటిగోడల మీద బొమ్మలు వేసేవారు. 1960ల చివర, కరువు రోజుల్లో అఖిల భారత హస్తకళల మండలి వాళ్ళకి కాగితాలిచ్చింది. గోడ మీది బొమ్మ కాగితం మీదికి వచ్చాక వేసినవారి పేర్లు బయటికొచ్చాయి. అలా పేరు వచ్చిన గంగాదేవికి 1984లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆమె ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో పెళ్ళిగది గోడలనిండా, కోహ్‌బర్ ఘర్ పేరుతో, బొమ్మలు వేసింది. 1991లో ఆమె చనిపోయింది. 2015లో మ్యూజియం మరమ్మతుల్లో ఆ గోడల బొమ్మలు పోయాయి. పల్లె ఇంట్లో అయితే గోడ పాతబడితే ఆడవాళ్ళే అలికి, కొత్తగా వేసుకునేవాళ్ళు. అక్కడ గోడ పోతే చెయ్యి మిగిలేది. మ్యూజియంలో ఆ చెయ్యి లేదు.

కూలి దగ్గర

మా ఇంటికి రంగులు వేసిన రోజు పెయింటర్లతో ఒకామె కూడా వచ్చింది. పాత సున్నం గీకడం, ఉప్పుకాగితంతో గోడ రుద్దడం, నీళ్ళు మొయ్యడం ఆమె పని. సాయంత్రం మగవాళ్ళు టీ తాగుతుంటే బ్రష్షులు, రోలర్లు కడిగింది. తలుపుల రంగు వేసిన బ్రష్షుల్ని కిరసనాయిలులో పిండితే వేళ్ళు కాలినట్టయ్యాయి. "రేపు పనికి ఇవే గదమ్మా, గట్టిపడితే మేస్త్రీ నన్నే అంటాడు" అంది. కూలి అడిగితే మగవాళ్ళకి ఇచ్చేదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ. మేస్త్రీని ఎందుకని అడిగాను. "వాళ్ళు పెయింటర్లు మేడమ్, ఆమె హెల్పరు" అన్నాడు.

1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి, ఒకే తరహా పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలంది. దాన్ని తనలో కలుపుకున్న 2019 నాటి వేతనాల కోడ్‌లో కూడా ఆ మాట ఉంది. కానీ గోడ రుద్దడం "పెయింటింగ్" కాదని, బ్రష్షు కడగడం "పనితనం" కాదని ముందే పేర్లు పెట్టేశాక చట్టం ఎక్కడ అడుగుపెట్టాలి? రుద్దని గోడకి రంగు పట్టదు. కడగని బ్రష్షు రెండో రోజుకి పనికిరాదు. రంగు వెయ్యడం ఆ రెండింటి మధ్య జరిగే పని. అయినా పనికి పేరు పెట్టేవాళ్ళు మధ్యదానికే పేరు పెట్టారు. పేరు పెట్టడం విమర్శకుల పని కూడా. కళాకారుడు, సహాయకులు అన్న విభజన కరపత్రంలో రాసినప్పుడు అది వట్టి మాట. మేస్త్రీ నోట్లోకి వచ్చేసరికి అది కూలి అవుతోంది. అందుకే నేను క్రియాపదాల గురించి ఇంత గొడవ చేస్తున్నాను.

ఈ వ్యాసం మొదటి ప్రతి రాశాక, మా దొడ్డిగోడకి సున్నం కొట్టిన ఆమె కూతురికి ఫోన్ చేశాను. నాకంటే రెండేళ్ళు పెద్దది, ఇప్పుడు టీచరు. ఆమె తల్లి చనిపోయి చాలా ఏళ్ళయింది. ప్రహరీ మీద కుంచె సంగతి చెప్పి, ఆ పనితనం గురించి రాస్తున్నానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ అమ్మ కుంచె పోతే మీకు బాధయింది. మా అమ్మ కుంచె పోయిననాడు మాకు పండగ. ఆ కుంచె పట్టుకోకూడదనే నన్ను చదివించింది. రాయండి, కానీ దాన్ని అందంగా రాయొద్దు" అంది.

అందంగా రాయకూడదన్న ఆ మాటని నేను ఒప్పుకుంటున్నాను. పనిముట్టుని కాపాడుకోవడం ఒకరికి ప్రేమ కావచ్చు, ఒకరికి జీతం లేని చాకిరీ కావచ్చు, ఇంకొకరికి తప్పించుకు బయటపడాల్సిన చెర కావచ్చు. ఈ మూడింటినీ కలిపి "స్త్రీల సంప్రదాయ జ్ఞానం" అని ఒక్క మాటలో పొగడటం తేలిక. ఆ పొగడ్త ఎవరి చేతికీ కొబ్బరినూనె రాయదు. ఎవరు కడిగారు, ఎవరి చూరు కింద పెట్టారు, ఎంత కూలి ఇచ్చారు, సంతకం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు చేతిపనుల మీద రాసే ప్రతి వ్యాసంలో ఉంటే చాలు. నా సిద్ధాంత గ్రంథం మళ్ళీ అచ్చువేసే అవకాశం వస్తే "కలం పట్టిన స్త్రీ" పక్కన కలం చుట్టిన స్త్రీకి ఒక అధ్యాయం రాస్తాను.

మొన్న భోగికి ముందురోజు అమ్మ, నేను చెరువుగట్టుకెళ్ళి ఈతమట్ట కోసుకొచ్చాం. ఇంటిగోడలకి ఇప్పుడు ఎమల్షన్ పెయింటు, సున్నంతో పని లేదు. తులసికోటకి మాత్రం సున్నం కొట్టాలంది అమ్మ. రాత్రంతా నానబెట్టిన మట్టని బండమీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాను. రెండు దెబ్బలకే పీచు తెగింది. "అంత గట్టిగా కాదే" అని అమ్మ రాయి తీసుకుంది. తులసికోటకి సున్నం కొట్టింది నేనే, నిండా చారలు. పని అయ్యాక అమ్మ కుంచె కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. నూతి దగ్గర కూర్చుని నేనే కడిగాను. నీళ్ళు తెల్లబడటం మానడానికి ఎనిమిది చెంబులు పట్టింది.